మధ్యాహ్నం మాత్రమే వెలిగే హైబ్రిడ్ వార్నింగ్: తప్పు బ్యాటరీదా, సెన్సర్‌దా, సీటు కవర్‌దా?

తమ్ముడూ, నువ్వు రాసింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను. తప్పుగా అర్థం చేసుకుంటే దిద్దు. హనుమకొండలో ఉంటావు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న హైబ్రిడ్ సెడాన్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉండే బండి), నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, వెనక సీటుకు డిక్కీకి మధ్యలో ఉంటుంది. మే నెలలో మంచిర్యాల పోయి తిరిగి వస్తుంటే గోదావరిఖని దాటి పెద్దపల్లి వచ్చేలోపు హైబ్రిడ్ సిస్టమ్ వార్నింగ్ వెలిగింది. రాత్రి నడిపితే రాదు. ఎండలో గంటన్నర నడిపితే తప్పకుండా వస్తుంది. స్కాన్ చేస్తే కోడ్ పీ0ఏ9సీ. ఒక షెడ్డులో "బ్యాటరీ ఖతం, మొత్తం మార్చాల్సిందే" అన్నారు. ఇంకొకాయన సెన్సర్ మారిస్తే పోతుందన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి అని నీ టెన్షన్.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా నమ్మకు, ఏదీ కొనకు. ఇద్దరూ కోడ్ పేరు చూసి చెప్పారు తప్ప, నువ్వు పెట్టిన ఫోటోలోని అంకెలు ఎవరూ చదవలేదు.

నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. వరంగల్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. హైబ్రిడ్ బండ్లు మన దగ్గర తక్కువ ఉన్న రోజుల్లో ఇవి చేయడానికి భయపడేవాణ్ని. ఇప్పుడు వీటిలోనే ఎక్కువ సమయం పోతోంది.

మొదట ఆ కోడ్ ఏమంటుందో చూద్దాం. బ్యాటరీ టెంపరేచర్ సెన్సర్ మీద కోడ్లు ఒక కుటుంబంలా వస్తాయి. పీ0ఏ9బీ అంటే సర్క్యూట్‌లో ఏదో లోపం. 9డీ అంటే సర్క్యూట్ "లో" (తక్కువ). 9ఈ అంటే సర్క్యూట్ "హై" (ఎక్కువ). నీకు వచ్చిన 9సీ మాత్రం కొంచెం వేరు: వైరు తెగిందనీ అనడం లేదు, షార్ట్ అయిందనీ అనడం లేదు. సెన్సర్ చెప్పే అంకె వినడానికి బాగానే ఉంది కానీ బండి కంప్యూటర్‌కు నమ్మబుద్ధి కావడం లేదు, మిగతా వాటితో పొసగడం లేదు అని దాని అర్థం. అందుకే ఈ కోడ్ చూసి బ్యాటరీ పోయిందని చెప్పేవాడిది ఊహే.

ఈ హై, లో అనే మాటల దగ్గర చాలామంది మెకానిక్‌లు పడిపోతారు. సర్క్యూట్ హై అని చూడగానే వేడి ఎక్కువైంది అనుకుంటారు. అక్కడ హై అంటే వోల్టేజీ ఎక్కువ అని. బ్యాటరీలో ఉండేవి థర్మిస్టర్లు, వేడి పెరిగితే వీటి రెసిస్టెన్స్ తగ్గుతుంది. కంప్యూటర్ 5 వోల్టులు పంపి, ఎంత మిగిలిందో చూసి వేడి లెక్క కడుతుంది. వైరు తెగితే మొత్తం వోల్టేజీ అక్కడే నిలబడిపోతుంది, అప్పుడు స్కానర్‌లో మైనస్ 40, మైనస్ 50 కనిపిస్తుంది. అంటే హై కోడ్ వస్తే స్కానర్ గడ్డకట్టే చలి చూపిస్తుంది. షార్ట్ అయితే దీనికి ఉల్టా: 90 దాటిన వేడి చూపిస్తుంది, కోడ్ మాత్రం లో అని వస్తుంది. మన రామగుండంలో మే నెల మధ్యాహ్నం బ్యాటరీ మైనస్ 40లో ఉందని స్కానర్ చెప్తే బ్యాటరీ వైపు చూడనే అక్కర్లేదు, వైరు వెతుక్కోవాలి.

ఇక నీ ఫోటో. కోడ్ పడ్డ క్షణంలో కంప్యూటర్ దాచిపెట్టుకున్న అంకెలు అవి, ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. నువ్వు తెలివైన పని చేశావు, కోడ్ కొట్టేయకముందే ఫోటో తీశావు. చాలామంది లైటు ఆరితే చాలని ముందు కోడ్ కొట్టేయిస్తారు, దాంతో ఈ అంకెలూ పోతాయి. ఇంక తర్వాత చూసేవాడికి చేతిలో ఏమీ ఉండదు. నా దగ్గరికి అలా వచ్చిన బండిని మళ్లీ లైటు వచ్చేదాకా నడుపుకో అని వెనక్కి పంపేస్తాను. కోపం వస్తుంది, కానీ వేరే దారి లేదు.

అందులో బ్యాటరీ సెన్సర్లు మూడు: 46, 47, 35. బ్యాటరీలోకి వచ్చే గాలి సెన్సర్: 37. బయట 43. ఏసీ 24లో పెట్టి నడుపుతున్నానని రాశావు.

ఈ ఐదు అంకెల్లో రెండు చోట్ల నాకు తేడా కనిపిస్తోంది.

ఒకటి, మూడో సెన్సర్ 35 అంటోంది. దాని మీదికి వచ్చే గాలి 37. గంటన్నర పాటు కరెంటు తీసుకుంటూ ఇస్తూ ఉన్న బ్యాటరీ, తన మీద వీచే గాలి కన్నా చల్లగా ఎలా ఉంటుంది? బ్యాటరీలో వేడి తేడాలు ఉండటం మామూలే. గాలి మొదట తగిలే చివర కాస్త చల్లగా, మధ్యలో కాస్త వేడిగా, మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటుంది. పదకొండు పన్నెండు డిగ్రీలు, అదీ గాలి కన్నా కింద, అంటే ఆ అంకె నమ్మదగింది కాదు.

రెండు, ఆ గాలే 37 ఎందుకుంది? ఈ రకం కార్లలో బ్యాటరీ ఫ్యాన్ బయటి గాలి పీల్చదు. లోపల మనం కూర్చున్న చోటి గాలినే, వెనక సీటు పక్కన ఉండే జాలీ నుంచి పీల్చి, బ్యాటరీ మాడ్యూళ్ల (లోపల వరసగా పేర్చిన చిన్న బ్యాటరీ ముక్కల) మధ్యగా లాగి బయటికి పంపిస్తుంది. ఏసీ నీకు పనిచేసినట్టే బ్యాటరీకీ పనిచేస్తుంది. గంటన్నర నుంచి ఏసీ 24లో ఉంటే వెనక సీటు దగ్గర 26, 27 ఉండాలి, మహా అంటే 29. 37 ఉందంటే ఫ్యాన్ క్యాబిన్ గాలి పీల్చడం లేదు. డిక్కీలోంచో, సీటు వెనక సందుల్లోంచో వేడి గాలి లాక్కుంటోంది. లేదా ఆ గాలి సెన్సరే తప్పు చెప్తోంది.

అంటే నీ బండిలో నాకు రెండు రోగాలు కనిపిస్తున్నాయి, కోడ్ ఒక్కటే పడింది. మొదటి రెండు సెన్సర్లు చెప్పే 46, 47 నిజమే అయ్యుండొచ్చు, గాలి ఆడక బ్యాటరీ నిజంగానే కాగుతోంది. మూడోది అబద్ధం చెప్తోంది. వేడి పెరిగేకొద్దీ ఆ అబద్ధం పెద్దదై మధ్యాహ్నం పూట కంప్యూటర్‌కు దొరికిపోతోంది.

వేడి పెరిగితే అబద్ధం ఎందుకు పెరుగుతుంది అంటావా? ఇది నేను కూడా చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్నాను. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే మామూలు రకం థర్మిస్టర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. నీ కారులోది వేరే ఉండొచ్చు, దాని పట్టిక సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, లెక్క పద్ధతి మాత్రం ఇదే. ఇలాంటిది 46 డిగ్రీల దగ్గర సుమారు 4,700 ఓమ్‌లు ఉంటుంది. 35 దగ్గర 6,900. రెండింటికీ తేడా 2,200 ఓమ్‌లు. ఇప్పుడు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) పిన్ను మీద చిలుము పట్టి అక్కడ 2,200 ఓమ్‌ల అడ్డం తయారైందనుకో. బ్యాటరీ నిజంగా 46లో ఉన్నా కంప్యూటర్‌కు 35 అనే అందుతుంది. అదే చిలుము రాత్రి 28 డిగ్రీల దగ్గర ఏం చేస్తుంది? 8,900కు ఆ 2,200 కలిస్తే 11,100, అంటే 22 డిగ్రీలు చూపిస్తుంది. తేడా ఆరు డిగ్రీలే. చల్లగా ఉన్నప్పుడు థర్మిస్టర్ రెసిస్టెన్స్ పెద్దది కాబట్టి చిలుము అందులో కలిసిపోతుంది. వేడెక్కితే థర్మిస్టర్ చిన్నదవుతుంది, చిలుము అంతే ఉంటుంది. నీకు రాత్రి లైటు రాకపోవడానికీ మధ్యాహ్నం రావడానికీ ఇది సరిగ్గా సరిపోతోంది.

సరిపోతోంది అన్నాను కానీ ఇదే అని తేల్చలేదు. తేల్చుకోవడానికి ఒక్క రూపాయి ఖర్చు లేని పరీక్ష ఉంది. పొద్దున్నే ఐదు గంటలకు లేవాలి, అంతే.

రాత్రి ఎనిమిది, తొమ్మిదికల్లా బండి ఆపెయ్యి. రేకుల షెడ్డు కింద వద్దు, రేకులు రాత్రంతా సెగ విడుస్తాయి. ఆరుబయట పెట్టు. పొద్దున ఎండ పడకముందే స్కానర్ పెట్టి, ఏసీ వేయకుండా, రెడీ లైటు (బండి నడపడానికి సిద్ధం అని డ్యాష్‌బోర్డులో వెలిగేది) రాగానే వచ్చే మొదటి అంకెలే చూడు. ఇంట్లో గోడకు పెట్టే థర్మామీటర్ ఒకటి రాత్రే వెనక సీటు మీద పెట్టి ఉంచు. బ్యాటరీ బరువైన ముద్ద, చల్లారడానికి గంటలు పడుతుంది, అందుకే రాత్రంతా ఆగమంటున్నాను. ఎనిమిది గంటలు దాటాక మూడు బ్యాటరీ సెన్సర్లు, గాలి సెన్సర్, నీ గోడ థర్మామీటర్ అన్నీ రెండు మూడు డిగ్రీల లోపల ఒకే మాట చెప్పాలి. సరైన జవాబు మనకు ముందే తెలిసి ఉండేది ఆ ఒక్క సమయంలోనే. మధ్యాహ్నం అడిగితే ఏ సెన్సర్ ఏం చెప్పినా కాదనడానికి మన దగ్గర ఆధారం ఉండదు.

మిగతావి 28 అని మూడోది 22 అంటే నా చిలుము లెక్క నిజం. గాలి సెన్సర్ కూడా 28 అంటే అది మంచిదే, మధ్యాహ్నం అది చెప్పిన 37 కూడా నమ్మాల్సిందే. నాలుగూ ఒకే మాట మీద ఉంటే మాత్రం నా ఊహ తప్పు. అప్పుడు వేడెక్కాక వదులయ్యే కనెక్షనో, కదిలితే తగిలే వైరో అయ్యుంటుంది. దానికి రెండో పరీక్ష.

రెండోది మధ్యాహ్నం నడుపుతూ చేసేది. పక్కన ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో, నడుపుతూ ఫోన్ చూడకు. ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్ (బండి స్కాన్ సాకెట్‌లో పెడితే ఫోన్‌కు అంకెలు పంపేది) ఒకటి, ఫోన్‌లో హైబ్రిడ్ బ్యాటరీ అంకెలు చదివే యాప్ ఒకటి చాలు. టయోటా ప్రియస్ కుటుంబం బండ్లకు డాక్టర్ ప్రియస్, హైబ్రిడ్ అసిస్టెంట్ లాంటివి ఉన్నాయి. నీ బండి అందులో చదువుతుందో లేదో ముందు చూసుకో. చౌక అడాప్టర్లు కొన్ని మధ్యలో ఆగిపోతాయి, ఆ ఖాళీని సెన్సర్ తప్పనుకోవద్దు. కాజీపేట నుంచి మడికొండ వైపు ఓ ముప్పావు గంట, మధ్యలో పది నిమిషాలు ట్రాఫిక్‌లో, అంకెలు రికార్డు అయ్యేలా నడుపు.

తర్వాత ఆ గీత చూడు. సెన్సర్ గీత నెమ్మదిగా గుట్ట ఎక్కినట్టు ఎక్కితే అది వేడినే చెప్తోంది. 41 దగ్గర ఉన్నది ఒక్క సెకనులో 12కు పడి మళ్లీ 41కి వస్తే అది వేడి కాదు. అంత బరువున్న బ్యాటరీ సెకనులో చల్లారి సెకనులో వేడెక్కదు, పిన్నో వైరో వదులుగా ఉంది. గతుకు మీద పడ్డప్పుడల్లా గీత వణికితే ఇంక అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు గాలి సంగతి. నా అనుభవంలో ఈ కోడ్లతో వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి రోగం ఇక్కడే ఉంటుంది, అందరూ చివర చూసేదీ ఇక్కడే.

వెనక సీటు పక్కన ఆ జాలీ ఎక్కడుందో ఓనర్ మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. దాన్ని మూయొద్దని హెచ్చరిక కూడా ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండికి ఆ పుస్తకం ఎక్కడిది అంటావు, నిజమే. బండి కొనగానే మనవాళ్లు చేసే మొదటి పని సీటు కవర్లు వేయించడం. కుట్టేవాడికి ఆ జాలీ ఎందుకో తెలియదు, చూడటానికి స్పీకర్‌లా ఉంటుంది. రెగ్జిన్‌ను నున్నగా లాగి దాని మీదుగా కుట్టేస్తాడు. బ్యాటరీకి ముక్కు మూసినట్టే. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి, అంటే ఎక్కువగా డిక్కీ వైపు నుంచి, వేడి గాలినే లాగుతుంది. నీ 37 చూడగానే నాకు మొదట తట్టింది ఇదే.

దీనికి నా సొంత కథ ఉంది, సిగ్గుపడుతూనే చెప్తాను. ఐదారేళ్ల కింద పరకాల నుంచి ఒక సార్ బండి వచ్చింది. బ్యాటరీ వేడి కోడ్. నేను పెద్ద తెలిసినవాడిలా బ్యాటరీ విప్పి, సెన్సర్ల వైరింగ్ సెట్టు మొత్తం తెప్పించి మార్చాను. లైటు ఆరింది, డబ్బులు తీసుకున్నాను. వారానికి మళ్లీ వచ్చాడు. మళ్లీ విప్పబోతుంటే నా దగ్గర పనిచేసే పిల్లగాడు వెనక సీట్లో కూర్చుని "అన్నా, ఈ కవర్ లోపలికి గుంజుకుంటోంది" అన్నాడు. ఫ్యాన్ జోరు మీద ఉన్నప్పుడు సీటు కవర్ అంచు జాలీకి అతుక్కుపోతోంది. బ్లేడుతో నాలుగు అంగుళాలు కోస్తే అయిపోయింది. సెన్సర్లు మొదటి నుంచీ నిజమే చెప్పాయి, నేనే వాటిని మార్చాను. ఆ సార్‌కు పార్టు డబ్బులు వాపసు ఇచ్చాను. పిల్లగాడు ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడు.

జాలీ తెరిచే ఉంటే దాని ముందు ఒక పలుచటి టిష్యూ కాగితం పట్టుకో. బ్యాటరీ వేడిగా ఉండి ఫ్యాన్ తిరిగేటప్పుడు కాగితం జాలీకి అంటుకుని నిలవాలి. వేలాడితే లోపల అడ్డం ఉంది. జాలీ వెనక చాలా బండ్లలో చిన్న జల్లెడ లాంటి ఫిల్టర్ ఉంటుంది, క్లిప్పులు తీస్తే వస్తుంది. దాన్ని నువ్వే శుభ్రం చేసుకోవచ్చు. బ్రష్షుతో దులిపి, దూరం నుంచి మెల్లగా గాలి కొట్టాలి. కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టాలి, తడిది పెడితే ఆ తేమ నేరుగా బ్యాటరీ మీదికే పోతుంది. జాలీలోకి బ్లోయర్ పెట్టి జోరుగా గాలి కొట్టే పని మాత్రం చేయకు, దుమ్మంతా తీసుకెళ్లి మాడ్యూళ్ల మధ్య కుక్కినట్టవుతుంది.

మన ప్రాంతంలో ఈ ఫిల్టర్ ఎంత తొందరగా నిండుతుందో చెప్తే నమ్మవు. ఏనుమాముల మార్కెట్ వైపు పత్తి సీజన్‌లో తిరిగే బండ్ల నుంచి నేను తీసిన దూది చూస్తే చిన్న దిండు కుట్టొచ్చు అనిపిస్తుంది. పత్తి నూగు ఫిల్టర్ సందుల్లోంచి దూరి ఫ్యాన్ రెక్కల మీద పొరలా అతుక్కుంటుంది. ఫ్యాన్ తిరుగుతుంది, శబ్దం వస్తుంది, గాలి మాత్రం రాదు. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బండ్లలో నల్లటి బొగ్గు పొడి, కరీంనగర్ క్వారీల వైపు తెల్లటి రాతి పొడి. ఫిల్టర్ చూసి బండి ఏ ఊరిదో చెప్పే స్థాయికి వచ్చాను. ఇంట్లో కుక్క ఉంటే దాని బొచ్చు వేరే.

మేడారం జాతర అయిపోయిన వారం నాకు పండగే. కుటుంబం మొత్తం ఎక్కి, దుప్పట్లు, గిన్నెలు, అమ్మవార్లకు ఇచ్చే నిలువెత్తు బంగారం బెల్లం బుట్టలు, అన్నీ వెనక సీటు పక్కన కుక్కుతారు. జాలీ వాటి వెనక ఎక్కడో ఉంటుంది. పైగా పిల్లలకు చల్లగాలి తగలాలని అద్దాలు దించి, ములుగు దాటాక లేచే దుమ్ములో గంటలు గంటలు బండి నిదానంగా పోతుంది. ఒక బండి ఫ్యాన్‌లో బెల్లం ముక్కలకు పట్టిన చీమల వరస కూడా చూశాను.

పెట్రోలు మిగులుతుందని ఏసీ ఆపి నడిపే అలవాటు ఉన్నా చెప్పు. మామూలు బండిలో అది నీ ఇష్టం. ఈ రకం హైబ్రిడ్‌లో ఎండాకాలం ఏసీ ఆపితే 40 దాటిన గాలితో బ్యాటరీని చల్లబరచమని అడిగినట్టు. బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ దాని వాడకం తగ్గిస్తుంది, ఇంజిన్ ఎక్కువసేపు తిరుగుతుంది, మిగిలిందనుకున్న పెట్రోలు అక్కడ పోతుంది.

ఫ్యాన్ సంగతి రెండు ముక్కల్లో. మంచి స్కానర్‌లో యాక్టివ్ టెస్ట్ అని ఉంటుంది, దానితో ఫ్యాన్‌ను ఒక్కో స్పీడులో తిప్పి వినొచ్చు. స్పీడు పెంచినకొద్దీ శబ్దం పెరగాలి, గరగర ఉండకూడదు. ఫ్యాన్ మీద వేరే కోడ్లు ఉంటాయి: పీ0ఏ81 వస్తే ఫ్యాన్ కరెంటు దారిలో లోపం, పీ0ఏ82 వస్తే ఫ్యాన్ చెప్పినంత జోరుగా తిరగడం లేదు లేదా గాలి పని జరగడం లేదు. నీకు ఇవి రాలేదు, కాబట్టి ఫ్యాన్ మోటారు బతికే ఉంది. లోపలికి వచ్చే గాలి సెన్సర్‌కు కూడా వేరే కోడ్, పీ0ఏఏసీ. అదీ నీకు లేదు.

మూడో సెన్సర్ అబద్ధమే అని పొద్దున పరీక్షలో తేలితే ఏం చేయాలో చెప్తాను, కానీ అది నీ చేతి పని కాదు. చాలా బండ్లలో ఈ సెన్సర్లు బ్యాటరీ పెట్టె లోపల మాడ్యూళ్లకు అతుక్కుని ఉంటాయి. వైర్లు 5 వోల్టులవే, కానీ వాటి పక్కనే ఉన్నది అసలు కరెంటు. ప్రియస్ రెండో, మూడో తరం బ్యాటరీ తీసుకో, 28 మాడ్యూళ్లు, ఒక్కో దాంట్లో 1.2 వోల్టుల సెల్లులు ఆరు, అన్నీ వరసగా కలిస్తే 201.6 వోల్టుల డీసీ. ఇంట్లో స్విచ్‌బోర్డు షాకుతో దీన్ని పోల్చుకోకు. బండి ఆపేసినా బ్యాటరీ పెట్టెలో ఇది చావదు. ఆరెంజ్ రంగు తొడుగు ఉన్న వైరు ఏదైనా సరే ముట్టుకోవద్దు. ఫిల్టర్ దాకా నీది, సీటు విప్పి పెట్టె మూత కనిపించే దగ్గర నుంచి నేర్చుకున్నవాడిది.

నేర్చుకున్నవాడు ఏం చేస్తాడో తెలిస్తే నువ్వు పక్కన నిలబడి చూసుకోవచ్చు. తాళం బండికి దూరంగా పెడతాడు, 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ తీస్తాడు, 1,000 వోల్టుల రబ్బరు గ్లౌజులు వేసుకుని, వాటిలో గాలి ఊది చిల్లు లేదని చూసుకుని, ఆరెంజ్ సర్వీస్ ప్లగ్ (బ్యాటరీ కరెంటు దారి తెంచేది) లాగి జేబులో వేసుకుంటాడు. జేబులోనే ఎందుకంటే వేరేవాడు పొరపాటున పెట్టకుండా. తర్వాత 10 నిమిషాలు ఆగుతాడు, ఇన్వర్టర్ కెపాసిటర్లలో (కరెంటు నిలవ ఉండే భాగాలు) చార్జీ దిగాలి. మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెడతాడు. ఇవేవీ లేకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చేవాడికి బండి ఇవ్వకు, ఎంత తక్కువకు చేస్తానన్నా సరే.

లోపల మొదట చూసేది కప్లర్. పచ్చటి చిలుము ఉందా, పిన్ను వెనక్కి జరిగిందా, నీటి చార ఉందా. నీ బండి సెకండ్ హ్యాండ్ అన్నావు కదా, 2023 జూలై వానల్లో ఎక్కడుందో పాత ఓనర్‌ను అడుగు. అప్పుడు వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్లలో నిలబడ్డ బండ్లు పైన మెరుగు పెట్టుకుని చాలానే అమ్ముడుపోయాయి. స్పేర్ టైరు గుంటలో మట్టి గీత ఉందేమో వేలితో తుడిచి చూడు. తర్వాత అనుమానం ఎలుకల మీద. ఇంట్లో వడ్ల బస్తాలు ఉండి బండి పదిరోజులు కదలకపోతే డిక్కీ వైపు వైర్లు కొరికేస్తాయి. గాలి గొట్టంలో గూడు పెట్టిన సందర్భాలూ చూశాను.

కప్లర్ బాగుంటే మల్టీమీటరుతో మూడు సెన్సర్ల రెసిస్టెన్స్ కొలిచి పక్కపక్కన రాయాలి. చల్లారిన బ్యాటరీలో మూడూ దాదాపు ఒకటే ఉండాలి. సెన్సర్ దగ్గర సరిగ్గా ఉండి, వైరింగ్ అవతలి కొసలో కంప్యూటర్ కప్లర్ దగ్గర ఎక్కువ చూపిస్తే తప్పు మధ్యలోని వైరుది. రెండు చోట్లా ఎక్కువే ఉంటే సెన్సర్‌దే. రెండు చోట్లా సరిగ్గా ఉండి స్కానర్‌లో మాత్రం తప్పు వస్తేనే కంప్యూటర్ వైపు చూడాలి. నేను అంతదాకా వెళ్లాల్సి వచ్చింది చాలా తక్కువసార్లు. చిలుము అయితే కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, పిన్ను తినేస్తే పిన్ను మార్చాలి.

బ్యాటరీ పోయిందన్న షెడ్డు మాటనూ ఊరికే కొట్టిపారేయను. దాన్ని కూడా పరీక్షించొచ్చు. యాప్‌లో బ్లాక్ (కలిపి కొలిచే కొన్ని మాడ్యూళ్లు) వోల్టేజీలు కనిపిస్తాయి. ఖాళీ రోడ్డు మీద గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అన్ని బ్లాకులూ కలిసి కొంచెం దిగాలి, వదిలితే కలిసి లేవాలి. ఒక బ్లాక్ మాత్రం మిగతా వాటి కన్నా వోల్టు పైగా పడిపోతూ, ప్రతిసారీ అదే పడిపోతుంటే ఆ బ్లాక్‌లోని మాడ్యూల్ బలహీనమైంది, అది నిజంగానే వేడెక్కుతుంది. అలాంటి బండ్లకు చివరికి పీ0ఏ80 వస్తుంది, బ్యాటరీ మార్చమనే కోడ్ అది. నీకు అది రాలేదు. అయినా గాలి ఆడకుండా ఎండాకాలాలు నడిచిన నికెల్ బ్యాటరీ ఎంతో కొంత ఆయుష్షు పోగొట్టుకునే ఉంటుంది, అది మాత్రం నీకు దాచను.

ఇది చదివే కొత్త బండ్లవాళ్లకు ఒక మాట. హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా, సిటీ హైబ్రిడ్ లాంటి వాటిలో జాలీ ఉండే చోటు బండిని బట్టి మారుతుంది, కొన్నింటిలో బ్యాటరీ లిథియం. పొద్దున పరీక్ష, సీటు కవర్ పరీక్ష వాటికీ పనికొస్తాయి. కానీ హైబ్రిడ్ బ్యాటరీ మీద 8 ఏళ్లు, 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చిన బండ్లు వాటిలో ఉన్నాయి. అది ఉండగా బయట ఎవరితోనూ పెట్టె విప్పించొద్దు, నాతో సహా. నీళ్లతో బ్యాటరీని చల్లబరిచే బండ్ల లెక్క పూర్తిగా వేరు, ఇక్కడ చెప్పిన గాలి సంగతులు వాటికి సరిపోవు.

తమ్ముడూ, ఈ రాత్రి బండి ఆరుబయట పెట్టు. పెట్టే ముందు వెనక సీటు కవర్ అంచు ఎత్తి జాలీ కనిపిస్తోందో లేదో ఒక ఫోటో తీయి. పొద్దున ఐదింటికి నాలుగు సెన్సర్ల అంకెలు, నీ గోడ థర్మామీటర్ అంకె ఫోటో తీసి పంపు. మూడోది మిగతా వాటి కన్నా ఎన్ని డిగ్రీలు కింద ఉందో చూసి, బ్యాటరీ పెట్టె విప్పించాలా వద్దా అప్పుడు చెప్తాను. అంతదాకా మధ్యాహ్నం పూట దూర ప్రయాణం పెట్టుకోకు.